ఎంపీసీ860లో ఈ1 స్లాట్లు: టీఎస్1–4 ఎస్‌సీసీ2కి, టీఎస్16 ఎస్‌సీసీ3కి. లోపలి లూప్‌బ్యాక్ బాగుంది, అవతలి పక్క మాత్రం మాట్లాడదు

బోర్డుపురుగు:
పాత బోర్డు, ఎంపీసీ860 (టెలికాం పనులకి వాడే ప్రాసెసర్ చిప్పు), 50 మెగాహెర్ట్జ్. దాని నాలుగు సీరియల్ కంట్రోలర్లలో (ఎస్‌సీసీ1–4) ఎస్‌సీసీ1 మీద ఈథర్నెట్ ఉంది, దాన్ని కదపడానికి లేదు. టీడీఎంఏకి (టైమ్‌స్లాట్ల బస్సు పోర్టు ఏ) ఈ1 ఫ్రేమర్ తగిలించి ఉంది (ఈ1 అంటే 32 టైమ్‌స్లాట్ల టెలిఫోన్ లైను, ఫ్రేమర్ ఆ లైనుని బోర్డుకి కలిపే చిప్పు): 2.048 మెగాహెర్ట్జ్ క్లాకు, ఫ్రేము మొదలు చెప్పే 8 కిలోహెర్ట్జ్ సింక్. కావలసింది ఇంతే. టైమ్‌స్లాట్ 1 నుంచి 4 వరకు కలిపి 256 కిలోబిట్ల హెచ్‌డీఎల్‌సీగా (జెండాల మధ్య ఫ్రేములు పంపే పద్ధతి) ఎస్‌సీసీ2కి, స్లాట్ 16 డి-చానెల్‌గా (కాల్స్ సిగ్నలింగ్ చానెల్) ఎస్‌సీసీ3కి వెళ్లాలి. మిగతావి వదిలేయాలి.

ఎస్‌ఐ ర్యామ్‌లో (ఏ స్లాట్ ఎవరికి వెళ్లాలో చెప్పే పట్టిక ఉండే చోటు) రిసీవ్‌కీ ట్రాన్స్‌మిట్‌కీ ఒకే పట్టిక పెట్టాను. 16 బిట్లూ ఎడమ నుంచి కుడికి:

0000 0000 0000 0010 (స్లాట్ 0, వదిలేయి)
0000 0000 1000 1110 (స్లాట్ 1–4, ఎస్‌సీసీ2)
0000 0000 0010 1010 (స్లాట్ 5–15, వదిలేయి)
0000 0000 1100 0010 (స్లాట్ 16, ఎస్‌సీసీ3)
0000 0000 0011 1111 (స్లాట్ 17–31, వదిలేయి, చివరిది)

ఎస్‌ఐమోడ్ రిజిస్టర్లో టీడీఎంఏ మోడ్ బిట్లు ఎస్‌డీఎంఏని 10 చేసి లోపలి లూప్‌బ్యాక్ పెడితే రెండు ఎస్‌సీసీల్లోనూ ఫ్రేములు శుభ్రంగా తిరిగొస్తున్నాయి, సీఆర్‌సీ (చెడిన బిట్లు పట్టే లెక్క) తప్పు ఒక్కటీ లేదు. లూప్‌బ్యాక్ తీసేసి అవతలి ఎక్స్ఛేంజ్ పక్కకి కలిపితే ఎస్‌సీసీ3లో జెండాలు కూడా కనపడవు. ఫ్రేమర్ మాత్రం లింక్ ఎత్తింది, అలారాలు లేవు.

సింక్‌పల్స్:
ముందు చివరి వరుస చూడండి. కౌంట్ గడిలో (చివరి రెండు బిట్ల ముందున్న నాలుగు బిట్లు) 1111 ఉంది. ఆ గడిలో రాసేది మనకు కావలసిన సంఖ్య కాదు, దానికి ఒకటి తక్కువ. 0000 అంటే ఒకటి, 1111 అంటే పదహారు. మీ పట్టిక 1, 4, 11, 1, 16 కలిపి 33 బైట్లు అవుతోంది. ఈ1 ఫ్రేములో ఉన్నవి 32. 33వ బైటు నడుస్తుండగానే కొత్త సింక్ వచ్చేస్తుంది, అప్పటికి టీఎస్‌ఏ (పట్టిక ప్రకారం స్లాట్లు పంచే భాగం) ఇంకా పాత పట్టిక చివర్లోనే ఉంటుంది. అక్కడ ఏం జరుగుతుందన్న దాని మీద ఆధారపడి ఏ డిజైనూ చేయకూడదు. చివరి వరుస 0000 0000 0011 1011 కావాలి.

లెక్క తక్కువైతే నష్టం లేదు. ఎల్‌ఎస్‌టీ బిట్ (చివరిదని చెప్పే కుడి చివరి బిట్) ఉన్న వరుస అయిపోయాక టీఎస్‌ఏ తరవాతి సింక్ కోసం ఊరికే ఆగుతుంది. స్లాట్ 16 తరవాత మీకు ఏమీ అక్కర్లేదు కాబట్టి ఎల్‌ఎస్‌టీని ఆ వరుసలోనే పెట్టేసి ఐదో వరుస మొత్తం తీసేయొచ్చు. లెక్క ఎక్కువైతేనే తంటా.

ఇంకోటి, ఈ 16 బిట్లనీ ర్యామ్‌లో ఎక్కడ రాస్తున్నారు? ఒక్కో వరుసకి 32 బిట్ల చోటు ఉంది, వాడుకలో ఉన్నది పై సగమే. 32 బిట్ల రైట్ వాడుతుంటే విలువను 16 బిట్లు ఎడమకి జరిపి రాయాలి. కింద సగంలో పడితే పై సగం సున్నాలే మిగులుతాయి. అప్పుడు ప్రతి వరుసా «ఒక్క బిట్, ఎవరికీ చెందదు» అయిపోతుంది, ఎల్‌ఎస్‌టీ ఎక్కడా ఉండదు.

బోర్డుపురుగు:
పై సగంలోనే రాస్తున్నాను, వెనక్కి చదివి చూశాను. ఐదో వరుస సరిచేశాక లెక్క 32. ఎస్‌సీసీ3 పరిస్థితి మారలేదు. మిగతా రిజిస్టర్ల విలువలు ఇవీ: ఎస్‌ఐసీఆర్ హెక్స్ 0040 4000, ఎస్‌ఐజీఎంఆర్ హెక్స్ 04, ఎస్‌ఐమోడ్ హెక్స్ 0048.

స్కోపుపట్టు:
ఎస్‌ఐసీఆర్ సరే. అందులో ఒక్కో ఎస్‌సీసీకి ఒక్కో బైటు. పై బైటు ఎస్‌సీసీ4ది, కింది బైటు ఎస్‌సీసీ1ది. ప్రతి బైటులో 40 బిట్ పెడితే ఆ ఎస్‌సీసీ టీఎస్‌ఏకి కలుస్తుంది, లేకపోతే తన సొంత పిన్నుల మీదే ఉండిపోతుంది. మీ విలువ 2నీ 3నీ కలుపుతోంది, 1ని ఈథర్నెట్‌కి వదిలింది. ఎస్‌ఐజీఎంఆర్‌లో 04 అంటే టీడీఎంఏ ఆన్, ఆర్‌డీఎం (ర్యామ్ పంపకం) 00. అంటే టీడీఎంఏ ఒక్కదానికే 64 రిసీవ్ వరుసలు, 64 ట్రాన్స్‌మిట్ వరుసలు, నీడ పట్టిక (నడుస్తుండగా మార్చుకోడానికి పెట్టుకునే రెండో పట్టిక) లేదు. బాగానే ఉంది.

ఇక ఎస్‌ఐమోడ్. 0048 అంటే కామన్ పిన్నులు ఆన్, సింక్ పైకి లేచే అంచు మీద, ఆలస్యం సున్నా. మీ ఫ్రేమర్ సింక్ పల్సు ఏ బిట్ మీద వస్తోంది? స్లాట్ 0 మొదటి బిట్ మీదా, లేక పాత ఫ్రేము చివరి బిట్ మీదా? రెండోదైతే ఆర్‌ఎఫ్‌ఎస్‌డీ (రిసీవ్ వైపు సింక్ ఆలస్యం) 01 కావాలి.

దీన్ని మాన్యువల్ బొమ్మలు చూసి ఊహించొద్దు, కొలవండి. పట్టికలో ఎస్‌సెల్1 నుంచి ఎస్‌సెల్4 దాకా నాలుగు స్ట్రోబ్ బిట్లున్నాయి (ఆ వరుస నడుస్తున్నంతసేపు ఒక పిన్నుని లేపేవి). స్లాట్ 1–4 వరుసలో ఎస్‌సెల్1 పెట్టండి. స్లాట్ 16 వరుసలో ఎస్‌సెల్2 పెట్టండి. రిసీవ్ పట్టికలో మాత్రమే పెట్టండి. రెండు పట్టికల్లోనూ పెడితే పిన్ను మీద కలిసిపోయి ఏది దేనిదో తెలియదు. స్ట్రోబ్ 1 పీబీ19 మీద గానీ పీసీ15 మీద గానీ, స్ట్రోబ్ 2 పీబీ18 మీద గానీ పీసీ14 మీద గానీ తీసుకోవచ్చు. ఈథర్నెట్ ఎస్‌సీసీ1 మీద ఉందన్నారు కాబట్టి పీబీ19, పీసీ15ల్లో ఏది టీఎనేబుల్‌కి (ఈథర్నెట్ పంపేటప్పటి సంకేతం) పోయిందో సర్క్యూట్‌లో చూసుకుని రెండోది వాడండి.

స్కోపు మొదటి చానెల్ సింక్ మీద, రెండోది స్ట్రోబ్ మీద, మూడోది ఎల్1ఆర్ఎక్స్‌డీఏ (టీడీఎంఏ రిసీవ్ డేటా పిన్ను) మీద. స్లాట్ వెడల్పు 3.9 మైక్రోసెకన్లు. స్ట్రోబ్ 1 స్లాట్ 0 మొదలైన 3.9 దగ్గర లేచి 15.6 మైక్రోసెకన్లు ఉండాలి. స్ట్రోబ్ 2 సరిగ్గా 62.5 మైక్రోసెకన్ల దగ్గర లేవాలి. ఒక బిట్ 488 నానోసెకన్లు, తేడా ఉంటే కంటికే కనిపిస్తుంది.

కాకినాడకెర్నల్:
స్కోపు తీసేలోపు కాగితం మీదే ఒక పరీక్ష చెయ్యొచ్చు. మీ లక్షణం ఒక బిట్ జరుగుడుకి అచ్చంగా సరిపోతోంది.

ఖాళీగా ఉన్న డి-చానెల్ మీద జెండాలు వరసగా వస్తుంటాయి: 01111110, 01111110. మీ కిటికీ ఒక బిట్ ఆలస్యంగా తెరుచుకుంటే జెండాలో మొదటి సున్నా పోతుంది, చివర్లో స్లాట్ 17 మొదటి బిట్ వచ్చి చేరుతుంది. అది 1 అయితే ఎస్‌సీసీ చూసేది 11111101, 11111101. రెండు సున్నాల మధ్య ఏడు ఒకట్లు. ముందుగా తెరుచుకుంటే స్లాట్ 15 చివరి బిట్ చేరి 10111111 అవుతుంది, ఇక్కడా ఏడు ఒకట్లే. హెచ్‌డీఎల్‌సీలో ఏడు ఒకట్లంటే అబార్ట్. జెండా ఒక్కటి కూడా దొరకదు, సీఆర్‌సీ తప్పుల కౌంటరు కూడా కదలదు. ఎందుకంటే ఫ్రేము అంటూ మొదలైతేనే కదా. ఎస్‌సీసీఎస్ రిజిస్టర్లో జెండా బిట్ సున్నాగానే ఉండిపోతుంది. ఎ-లాలో (టెలిఫోన్ మాటకి వాడే కోడు) నిశ్శబ్దం 11010101 కాబట్టి పక్క స్లాట్లలో మాట్లాడని కాల్స్ ఉన్నా ఇదే కథ.

ఇక లూప్‌బ్యాక్ ఎందుకు పాసైందో చూడండి. లోపలి లూప్‌లో పంపేదీ అందుకునేదీ ఒకే తప్పుతో ఒకే చోట ఉంటాయి, జరుగుడు కొట్టుకుపోతుంది. ఫ్రేమర్ దగ్గర లూప్ వేసినా రెండు దిక్కులా ఆలస్యం ఒకటే అయితే అలాగే కొట్టుకుపోతుంది. ఆ పరీక్ష చెప్పేది ఎస్‌సీసీ, బఫర్ డిస్క్రిప్టర్లు, క్లాకు బతికున్నాయని మాత్రమే. స్లాట్ ఎక్కడుందో అది చెప్పదు.

బోర్డుపురుగు:
కొలిచాను. ఫ్రేమర్ సింక్ పాత ఫ్రేము చివరి బిట్ మీదే వస్తోంది. స్ట్రోబ్ 2 స్లాట్ 16 కన్నా 488 నానోసెకన్లు ముందు లేస్తోంది. ఆర్‌ఎఫ్‌ఎస్‌డీ 01 చేసి ఎస్‌ఐమోడ్ హెక్స్ 0148 రాశాను. ఇప్పుడు ఎస్‌సీసీ3లో జెండాలు వస్తున్నాయి, అవతలి వాళ్ల లింక్ ఎత్తే ఫ్రేములు (సేబ్మ్) కనపడుతున్నాయి. మేం పంపే జవాబు మాత్రం వాళ్లకి చేరట్లేదు, మళ్లీ మళ్లీ అవే పంపుతున్నారు.

స్కోపుపట్టు:
0149 రాయండి.

కామన్ పిన్నులు ఆన్ చేస్తే క్లాకూ సింకూ రిసీవ్ వైపువే రెండింటికీ వాడుతుంది. కానీ ఆర్‌ఎఫ్‌ఎస్‌డీ ట్రాన్స్‌మిట్ ఆలస్యాన్ని పట్టించుకోదు. దానికి టీఎఫ్‌ఎస్‌డీ వేరే ఉంది, చివరి రెండు బిట్లు. మాన్యువల్లో ఒక్క వాక్యంలో ఉంటుంది, ఎవరికీ ఆగి చదవాలనిపించని చోట.

సింక్‌పల్స్:
దానికే జోడింపు. ఫ్రేమర్‌లో సింక్ చోటుని మార్చే వీలుంటే సున్నా ఆలస్యం జోలికి పోకండి, ఒక బిట్ ఆలస్యమే మంచిది. సున్నా ఆలస్యంలో మొదటి బిట్ బయటికి రావడం సింక్ అంచు ఎప్పుడొస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. సింక్ కాస్త వెనకబడి వస్తే ఆ ఒక్క బిట్ కుంచించుకుపోతుంది. ఈ1లో అది స్లాట్ 0 బిట్ కాబట్టి ఫ్రేమర్ ఎలాగూ తనే నింపుకుంటుంది, మీకు తెలియదు. స్లాట్ 0 లేని సొంత బస్సు మీద అయితే మొదటి చానెల్ మొదటి బిట్ అప్పుడప్పుడూ తప్పుతుంది, ఎందుకో అంతుపట్టదు.

అంచుల సంగతి కూడా చూసుకోండి. ఎస్‌ఐమోడ్‌లోని సీఈ (క్లాకు అంచు బిట్) సున్నా అయితే డేటా క్లాకు లేచే అంచున బయటికి వస్తుంది, పడే అంచున లోపలికి తీసుకుంటుంది. సీఈ ఒకటైతే తిరగబడుతుంది. ఫ్రేమర్ కూడా అదే అంచున పంపి అదే అంచున తీసుకునేలా ఉండాలి. కొన్ని బోర్డుల్లో ఇది తప్పుగా ఉన్నా గది చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది, వేడెక్కాక బిట్ తప్పులు మొదలవుతాయి.

బోర్డుపురుగు:
0149తో డి-చానెల్ లింక్ ఎత్తింది, ఎస్‌సీసీ2 కూడా నడుస్తోంది. ఒక్కటే మిగిలింది. ఎస్‌సీసీ2లో దాదాపు రెండున్నర సెకన్లకోసారి ఒకటో రెండో ఫ్రేములు సీఆర్‌సీ తప్పుతో పోతున్నాయి. గడియారం పెట్టినట్టు.

మైక్రోసెకను:
ఆ లెక్కే చెబుతోంది, స్లిప్పు. బోర్డు ఈ1ని లైను నుంచి తీసిన క్లాకుతో పంపట్లేదు, తన ఆసిలేటర్‌తో పంపుతోంది. రెండు క్లాకుల మధ్య తేడా 50 పీపీఎం (పది లక్షల్లో 50) ఉంటే సెకనుకి 102.4 బిట్లు, ఫ్రేముకి 256 బిట్లు, అంటే 2.5 సెకన్లకి ఒక ఫ్రేము మొత్తం ఎగిరిపోతుంది లేదా రెండుసార్లు వస్తుంది. ఆ క్షణంలో లైను మీద ఉన్న హెచ్‌డీఎల్‌సీ ఫ్రేము చెడుతుంది. డి-చానెల్ ఎక్కువసేపు ఖాళీగా జెండాలే పంపుతుంది కాబట్టి అక్కడ కనపడదు.

ఎక్స్ఛేంజ్ పక్కన ఉన్నప్పుడు మీరు ఎప్పుడూ బానిస క్లాకే. ఫ్రేమర్‌లో ట్రాన్స్‌మిట్ క్లాకుని రిసీవ్ నుంచి తీసిన క్లాకుకి కట్టండి, టీడీఎం బస్సు క్లాకు కూడా దాన్నుంచే రావాలి. ఫ్రేమర్‌లో స్లిప్ కౌంటర్ ఉంటే అది కదలకుండా ఉందో లేదో చూడండి. సీఆర్‌సీ కౌంటర్ కన్నా అదే సూటిగా చెబుతుంది.

బోర్డుపురుగు:
అదే. ఫ్రేమర్ మాస్టర్ మోడ్‌లో ఉంది. మార్చాక స్లిప్ కౌంటర్ కదలడం లేదు, సీఆర్‌సీ తప్పులు ఆగాయి.

నల్లగొండనాడి:
ఇదే చిప్పు మీద ఇంకో ప్రశ్న, విడిగా తెరవకుండా ఇక్కడే అడుగుతున్నా. స్లాట్ 1లో మాట, ఎ-లా పీసీఎం. దాన్ని ఎస్‌ఎంసీ1కి (చిన్న సీరియల్ కంట్రోలర్) పారదర్శక మోడ్‌లో (బిట్లని ఉన్నవున్నట్టు అందించేది) ఇచ్చాను. బఫర్లో వచ్చేది అర్థం లేకుండా ఉంది. స్ట్రోబ్ సరిగ్గా స్లాట్ 1 మీదే ఉంది.

కాకినాడకెర్నల్:
బిట్ల వరుస తిరగబడి ఉంటుంది. హెచ్‌డీఎల్‌సీ తక్కువ బిట్‌ని ముందు పంపుతుంది, అందుకని ఎస్‌సీసీలూ ఎస్‌ఎంసీలూ మామూలుగా అదే పద్ధతి. టెలిఫోన్ పీసీఎంలో గుర్తు బిట్, అంటే పై బిట్, ముందొస్తుంది. ఎస్‌ఎంసీఎంఆర్ రిజిస్టర్లో ఆ వరుసని తిప్పే ఆర్‌ఈవీడీ బిట్ పెట్టండి. ఎస్‌సీసీ పారదర్శక మోడ్ అయితే జీఎస్‌ఎంఆర్ పై సగంలో అదే పేరుతో ఉంది. అక్కడ అదనంగా సీడీఎస్, సీటీఎస్‌ఎస్, సీడీపీ, సీటీఎస్‌పీ నాలుగూ ఒకటి చేయాలి. లేకపోతే బఫర్ మొదటి బైటు స్లాట్ మొదటి బిట్‌తో మొదలవుతుందన్న హామీ ఉండదు.

ఎస్‌ఎంసీని కలపడం ఎస్‌ఐసీఆర్‌లో కాదు, ఎస్‌ఐమోడ్‌లో. టీడీఎంఏ సగంలో పై బిట్ ఎస్‌ఎంసీ1ది. పట్టికలో సీ-సెల్ (స్లాట్ ఎవరికి వెళ్లాలో చెప్పే మూడు బిట్లు) 101. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎస్‌ఎంసీకి హెచ్‌డీఎల్‌సీ రాదు. ఎవరైనా డి-చానెల్‌ని ఎస్‌ఎంసీకి ఇద్దామని బొమ్మ గీస్తే అక్కడే ఆపండి.

నల్లగొండనాడి:
ఆర్‌ఈవీడీతో మాట వచ్చింది. థాంక్సండీ. కాల్ వచ్చినప్పుడు స్లాట్ మారుతుంది కదా, స్లాట్ 1 బదులు స్లాట్ 9 కావాలంటే టీఎస్‌ఏ ఆపి పట్టిక మళ్లీ రాయాలా? ఆపితే డి-చానెల్ పడిపోతుంది.

సింక్‌పల్స్:
ఆపక్కర్లేదు, దానికే నీడ పట్టిక. ఆర్‌డీఎం 01 పెడితే టీడీఎంఏ ఒక్కదానికి దిక్కుకి 32 వరుసలు, వాటికి 32 నీడ వరుసలు. ఏ, బీ రెండూ వాడుతూ 11 పెడితే ఒక్కోదానికి 16 మాత్రమే. ఐదారు వరుసలతో అయ్యే పని కాబట్టి మీకు 16 చాలు.

ముందు ఎస్‌ఐఎస్‌టీఆర్ చదవండి, ప్రస్తుతం ఏ సగం నడుస్తోందో అది చెబుతుంది. రెండో సగంలో కొత్త పట్టిక మొత్తం రాయండి, మారిన వరుస ఒక్కటే కాదు. తరవాత ఎస్‌ఐసీఎంఆర్‌లో సీఎస్‌ఆర్‌ఆర్‌ఏ, సీఎస్‌ఆర్‌టీఏ (రిసీవ్, ట్రాన్స్‌మిట్ పట్టికలు మార్చే బిట్లు) పెట్టండి. మార్పిడి ఫ్రేము సరిహద్దులో జరుగుతుంది, జరిగాక చిప్పే ఆ బిట్లు చెరిపేస్తుంది. అవి చెరిగేదాకా ఇంకో మార్పు మొదలుపెట్టొద్దు. సింక్ రాకపోతే అవి ఎప్పటికీ చెరగవు కాబట్టి ఎదురుచూపుకి హద్దు పెట్టుకోండి. లైను తీగ పీకేసిన రోజు సాఫ్ట్‌వేర్ అక్కడే కూర్చుండిపోతుంది.

ఒక్క చానెల్ కోసం అయితే ఇది పనికొస్తుంది. ముప్పై చానెళ్లూ విడివిడిగా కావాలంటే ఎస్‌సీసీలు చాలవు. క్యూఎంసీ (ఒకే ఎస్‌సీసీ మీద చాలా చానెళ్లు నడిపే పద్ధతి) చూడండి.

స్కోపుపట్టు:
క్యూఎంసీ ప్రతి 860లోనూ ఉండదు, పార్టు నంబరు వెనక అక్షరాలు చూడాలి. ఎంహెచ్‌లో ఉంది, ఈఎన్‌లో లేదు. అందులో పద్ధతి తిరగబడుతుంది. ఎస్‌ఐ ర్యామ్‌లో 32 స్లాట్లనీ ఒకే ఎస్‌సీసీకి పంపేసి, స్లాట్ల విడదీత ఎస్‌సీసీ పారామీటర్ ర్యామ్‌లోని పట్టికలో చేస్తారు. ఒక్కో గడి 16 బిట్లు: చెల్లుబాటు బిట్, చివరిదని చెప్పే డబ్ల్యూ బిట్, ఆరు బిట్ల చానెల్ పాయింటర్, ఎనిమిది బిట్ల ముసుగు. ముసుగుతో స్లాట్‌లో కొన్ని బిట్లే తీసుకోవచ్చు, 16 కిలోబిట్ల ఉపచానెళ్లకి అది వరం. ఎస్‌ఐ ర్యామ్ పంపే స్లాట్లెన్నో ఈ పట్టికలో డబ్ల్యూ వరకు గడులు అన్నే ఉండాలి.

వీలైతే క్యూఎంసీని ఎస్‌సీసీ1 మీద పెట్టండి. దాని ఫిఫో 32 బైట్లు, మిగతా మూడింటివీ 16. సీపీఎం (చిప్పులో సీరియల్ పనులు చూసే భాగం) ప్రాధాన్యంలో కూడా అదే ముందు. గ్లోబల్ అండర్‌రన్ (జీయూఎన్) గానీ ఓవర్‌రన్ (జీఓవీ) గానీ వస్తే ఒక చానెల్ కాదు, అన్ని చానెళ్లనీ మళ్లీ మొదలుపెట్టాలి. ఎస్‌సీసీ1 మీద 10 మెగాబిట్ల ఈథర్నెట్ ఉంచుకుని ఎస్‌సీసీ2 మీద 32 చానెళ్ల క్యూఎంసీ నడపాలనుకునేవాళ్లు ముందు సీపీఎం బరువు లెక్క కట్టుకోవాలి.

లైనక్స్ వాడుతుంటే రిజిస్టర్లు చేత్తో రాయనక్కర్లేదు. ఈ చిప్పు టీఎస్‌ఏకీ క్యూఎంసీకీ డ్రైవర్లు 2023లో ప్రధాన కెర్నల్‌లోకి వచ్చాయి. డివైస్ ట్రీలో రూట్లని «ఇన్ని స్లాట్లు, ఫలానా ఎస్‌సీసీ» అని జతలుగా రాస్తే పట్టిక అదే కడుతుంది. సింక్ ఆలస్యం మాత్రం అక్కడ కూడా రిసీవ్‌కీ ట్రాన్స్‌మిట్‌కీ వేరువేరుగా రాయాలి.

మైక్రోసెకను:
పిన్నుల గురించి ఎవరూ చెప్పలేదు. టీడీఎంఏ డేటా పీఏ9, పీఏ8 మీద, సింకులు పీసీ4, పీసీ5 మీద. ఎస్‌సీసీ4 సొంత పిన్నులూ అవే. టీడీఎంఏ వాడితే ఎస్‌సీసీ4ని టీఎస్‌ఏ గుండా వాడొచ్చు గానీ విడి సీరియల్ పోర్టుగా వాడలేరు. టీడీఎంబీ వాడితే పీఏ11, పీఏ10 పోతాయి, ఎస్‌సీసీ3కి ఇదే గతి. బోర్డు గీసేముందే చూసుకోవాల్సిన విషయం. కామన్ పిన్నులు పెడితే పీఏ5, పీసీ5 మిగులుతాయి.

ఇంకోటి, వదిలేసిన స్లాట్లలో ఎల్1టీఎక్స్‌డీ తేలిపోతుంది, సున్నాకీ ఒకటికీ పోదు. అదే బస్సు మీద కోడెక్ గానీ రెండో ప్రాసెసర్ గానీ ఉంటే అది మంచిదే, ఎవరి స్లాట్‌లో వాళ్లు మాట్లాడతారు. ఒక్కరే ఉంటే మాత్రం పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి. లేకపోతే వాడని స్లాట్లలో లైను మీదకి చెత్త వెళ్తుంది, అవతలి పక్క వాళ్లు ఆ స్లాట్లలో గరగర వస్తోందని ఫిర్యాదు చేస్తారు.

బోర్డుపురుగు:
పుల్-అప్ ఉంది. చివరగా ఒకటి అడుగుతా. బోర్డు పవర్ తగ్గించే మోడ్‌కి వెళ్లినప్పుడు టీడీఎం చచ్చిపోతోంది. ఆ మోడ్‌లో డీఎఫ్‌సింక్ (సింక్ క్లాకుని భాగించే బిట్లు) 10గా ఉంది.

సింక్‌పల్స్:
డీఎఫ్‌సింక్ 10 అంటే 16తో భాగారం. 50ని 16తో భాగిస్తే సింక్ క్లాకు 3.125 మెగాహెర్ట్జ్. టీడీఎం క్లాకు సింక్ క్లాకులో 2.5వ వంతు మించకూడదు. 2.048కి కనీసం 5.12 కావాలి. 01 పెట్టండి, 4తో భాగిస్తే 12.5 వస్తుంది, టీడీఎంకి సరిపోతుంది. తరవాతెప్పుడైనా 8.192 మెగాహెర్ట్జ్ బస్సుకి మారితే 20.48 కావాలి, అప్పుడు భాగించడం కుదరదు, 00 పెట్టాల్సిందే.